పాస్ట్ పర్ఫెక్ట్‌కి ఒక్క పరీక్ష: ‘అప్పటికే’

పాస్ట్ పర్ఫెక్ట్ అంటే హ్యాడ్ ప్లస్ వీ3 (క్రియ మూడో రూపం) అన్న ఫార్ములా అందరికీ నోటికి వచ్చు. అయినా ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యాన్ని భాగాలుగా ఇచ్చి తప్పున్న భాగాన్ని పట్టుకోమనే ప్రశ్నల్లో, మార్కులు పోయేది ఇక్కడే. ‘చాలా కాలం క్రితం జరిగినదానికి హ్యాడ్ పెట్టాలి’ అన్న తప్పు లెక్క మనసులో పాతుకుపోవడమే దీనికి కారణం. సంగతి ఎంత పాతదన్నదానితో హ్యాడ్‌కి సంబంధం లేదు. వెయ్యేళ్ల కిందటి యుద్ధాన్నైనా సింపుల్ పాస్ట్‌లో చెప్పొచ్చు. గతంలో ఒక క్షణం దగ్గర నిలబడి, అక్కణ్నుంచి ఇంకా వెనక్కి చూసినప్పుడే హ్యాడ్ అవసరం.

తెలుగులో దీనికోసం విడిగా క్రియారూపం తప్పనిసరి కాదు. ‘నేను స్టేషన్‌కి వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది’ అంటే చాలు, ముందువెనకల సంగతి ‘వెళ్లేసరికి’ చూసుకుంటుంది. అదే అలవాటుతో ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ లెఫ్ట్’ అని రాసేస్తాం. ఈ వాక్యంలో గ్రామర్ తప్పు లేదు, కానీ అర్థం మారిపోయింది: మీరు చేరారు, అప్పుడు రైలు కదిలింది. పరుగెత్తితే ఎక్కేవారేమో. ‘ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే మాత్రం మీరు చేరేటప్పటికే రైలు లేదు.

కాబట్టి అనుమానం వచ్చిన ప్రతిచోటా వాక్యాన్ని తెలుగులో అనుకుని ‘అప్పటికే’ చేర్చి చూడండి. అతికితే హ్యాడ్, అతక్కపోతే సింపుల్ పాస్ట్. ‘ఐ హ్యాడ్ మెట్ హిమ్ యెస్టర్‌డే’ అని వాక్యం ఒంటరిగా ఉంటే ‘అప్పటికే’ అనడానికి ‘ఎప్పటికి?’ అన్నదే లేదు. హ్యాడ్ తీసేసి ‘ఐ మెట్ హిమ్’ అనాలి. రెండు పనులున్నాయి కదా అని మొదటిదానికి హ్యాడ్ తగిలించడమూ పొరపాటే. ‘హీ లాక్డ్ ద డోర్ అండ్ లెఫ్ట్’లో పనులు జరిగిన వరుసలోనే చెప్పాం, వెనక్కి తిరగలేదు.

ఆఫ్టర్, బిఫోర్ ఉన్నచోట వరుస ఎలాగూ తెలుస్తుంది కనుక హ్యాడ్ లేకపోయినా ఇంగ్లిష్ ఒప్పుకుంటుంది. అందుకే హ్యాడ్ లేదన్న ఒక్క కారణంతో ఆ భాగమే తప్పని గుర్తించే ముందు మిగతా భాగాలు కూడా చదవండి. ‘ఆఫ్టర్ హీ ఫినిష్డ్ ద వర్క్, హీ హ్యాడ్ గాన్ హోమ్’ లాంటిది మాత్రం కచ్చితంగా తప్పు, హ్యాడ్ తర్వాతి పనికి పోయింది. బిఫోర్‌తో ఒక మెలిక ఉంది: ‘హీ లెఫ్ట్ బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్’ సరైన వాక్యమే. నా పని పూర్తికాకముందే అతను వెళ్లిపోయాడని అర్థం.

రూల్ వచ్చినా వీ3 రాకపోతే లాభం లేదు. హ్యాడ్ వెంట్, హ్యాడ్ కేమ్, హ్యాడ్ రోట్ అన్నీ తప్పులే. గాన్, కమ్, రిటెన్ రావాలి. బిగిన్, డ్రింక్, సింగ్, రింగ్, స్విమ్ ఒకే కుటుంబం: బిగిన్–బిగ్యాన్–బిగన్, డ్రింక్–డ్ర్యాంక్–డ్రంక్. వీటిని మూడేసి రూపాలుగా పైకి చదువుతూ రాయండి. కమ్, బికమ్, రన్‌లకు వీ1 (క్రియ మొదటి రూపం), వీ3 ఒకటే కాబట్టి కన్ను సులువుగా మోసపోతుంది.

నో సూనర్ వాక్యంలో మొదట్లోనే వస్తే హ్యాడ్ సబ్జెక్ట్ కన్నా ముందుకు దూకుతుంది, జతగా ద్యాన్ వస్తుంది: ‘నో సూనర్ హ్యాడ్ హీ సాట్ డౌన్ ద్యాన్ ద ఫోన్ ర్యాంగ్’. ఆప్షన్లలో దెన్ కూడా పెడతారు, స్పెల్లింగ్ చూసుకోండి. హార్డ్లీ, స్కేర్స్‌లీలకు జత వెన్.

కండిషనల్స్‌లో వుడ్ హ్యావ్ ఇఫ్ ఉన్న భాగంలోకి రాదు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్’ సరైనది. ఇఫ్ తీసేస్తే ‘హ్యాడ్ ఐ నోన్’ అవుతుంది. రిపోర్టెడ్ స్పీచ్‌లో ‘హీ సెడ్’ తర్వాత లాస్ట్ (పోగొట్టుకున్నాను), హ్యావ్ లాస్ట్ రెండూ హ్యాడ్ లాస్ట్‌గా మారతాయి, యెస్టర్‌డే కాస్తా ద ప్రీవియస్ డే అవుతుంది.

అపాస్ట్రఫీ డి కనిపిస్తే పక్కనున్న క్రియ చూడండి. ‘హీడ్ గాన్’లో అది హ్యాడ్, ‘హీడ్ గో’లో వుడ్. ‘హీడ్ బెటర్ గో’లోనూ హ్యాడే, అయినా అది పాస్ట్ పర్ఫెక్ట్ కాదు. హ్యాడ్ బెటర్ తర్వాత ఎప్పుడూ వీ1, కాబట్టి ‘యూ హ్యాడ్ బెటర్ గాన్’ అని ఇస్తే తప్పు గాన్ దగ్గరే ఉంది.