ఏలూరు కాలువ గట్టు మీద నడక దారి కోసం తిరిగిన కథ: నా అనుభవం

మా వీధి చివర పార్కులో ఒక చుట్టుకి 162 అంగలు. షుగర్ వచ్చిందని తేలాక డాక్టరుగారు రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నారు. అంటే 37 చుట్లు. ఇరవయ్యో చుట్టుకే తల తిరిగేది, పైగా ఉయ్యాల దగ్గర పిల్లలకి అడ్డం. లేఅవుట్ వేసేవాళ్ళు 10 శాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకి రాసివ్వాలి కదా, ఆ పది శాతంలోంచి పుట్టిన పార్కు ఇది. ప్లాటుకి పనికిరాని మూల ముక్కనే పార్కుగా వదిలారని ఆ త్రికోణం చూస్తేనే తెలుస్తుంది.

అందుకని మా విజయవాడ ఊరి మధ్య నుంచి పోయే ఏలూరు కాలువ గట్టెక్కాను. గుణదల వంతెన దగ్గర మొదలుపెట్టి రామవరప్పాడు వైపు. నాతో పాటు ఇంకో పదిహేను మంది దాకా నడిచేవాళ్ళు. పొద్దున్నే కాలువ మీద చల్లగాలి బాగుంటుంది. చెత్త కుప్పల దగ్గర మాత్రం చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా దాటేయాలి. ఒకరోజు మా జట్టులో ఒకావిడ గుంటలో కాలు మడతపడి మూడు వారాలు మంచం మీద ఉంది. అప్పుడనుకున్నాం, దీన్ని దారిగా చేయమని అడుగుదామని. అక్షరం ముక్క బాగా రాస్తానని అర్జీ నాకు అప్పగించారు.

మొదటి అర్జీ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. టోకెన్, రసీదు, ఫోన్‌కి మెసేజ్, అంతా పద్ధతిగానే జరిగింది. పన్నెండో రోజు ఇంకో మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడింది. గట్టు మీదకి పరిగెత్తాను. గుంట గుంటలాగే ఉంది. ఏ ఆఫీసని చెప్పను గానీ, వెళ్ళి అడిగితే అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో చూపించాడు. "అర్జీదారు కోరిన ప్రాంతంలో పార్కు కలదు" అని రాసి మూసేశారు. మా త్రికోణం పార్కే అది.

నాకు దారి చూపించింది మా వెనక వీధిలో ఉండే రిటైర్డ్ సర్వేయర్ బాబాయిగారు. నా అర్జీ చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "అమ్మా, ఇందులో పార్కు అనే మాట ఎన్నిసార్లు రాశావో చూసుకో. పార్కంటే ఒక సర్వే నంబరు, ఒక హద్దు, ఒక యజమాని. నీకు కావలసింది దారి. దారి పది నంబర్లు తొక్కుకుంటూ పోతుంది. ఏ నంబరు ఎవరిదో నువ్వే రాసివ్వాలి. లేకపోతే ప్రతివాడూ అది నాది కాదంటాడు."

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, ఆ గట్టు ఏ శాఖ అధీనంలో ఉంది, సర్వే పటాలు ఏవి అని అడిగాను. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. 29వ రోజున కవరు వచ్చింది. పటంలో కాలువా గట్టూ కలిపి కాలువ పోరంబోకు. అంటే జలవనరుల శాఖది. గట్టు పక్కన రోడ్డు కార్పొరేషన్‌ది. మధ్యలో వచ్చి పడే మురుగు తూములు ఎవరివో ఆ కాగితాల్లో లేదు. బాబాయిగారు ఇంకో సంగతి కూడా చెప్పారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలనీ, గోదావరి, కృష్ణ నదుల్లో కొంత మేరనీ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఏలూరు కాలువ అందులో భాగం. అంటే ఢిల్లీ వాళ్ళ మాట కూడా ఉందన్నమాట ఈ గట్టు మీద! నాకు నవ్వొచ్చింది గానీ, ఒకప్పుడు ఈ కాలువలో నిజంగానే పడవలు నడిచేవి. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగుకుంటూ పోయేవారట. మేము కొత్తగా అడుగుతున్నదేమీ లేదు, అది మొదటి నుంచీ నడకదారే.

తర్వాత కొలతలు. టేపు ఒక చివర నేను, ఇంకో చివర ఇంటర్ చదివే మా అబ్బాయి. ప్రతి వంద అంగలకీ గట్టు పైభాగం వెడల్పు రాసుకున్నాం. ఒకచోట నాలుగున్నర మీటర్లు, ఒకచోట మూడు. ఇడ్లీ బండి ఉన్న చోట మీటరున్నర. బండి వెనకాల వరసగా ఆరేడు రేకుల ఇళ్ళు. టేపు చూడగానే ఇడ్లీలావిడ గరిటె పక్కన పెట్టేసింది. "ఏమ్మా, మీ వాకింగ్ కోసం మా ఇళ్ళు తీయిస్తారా?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే. నేను తడబడ్డాను, ఎందుకంటే నా అర్జీలో "గట్టు సుందరీకరణ" అని రాసి ఉంది. ఆ మాట మనకి పూలకుండీలు, రంగు దీపాలు. గట్టు మీద కాపురమున్నవాళ్ళకి అది ఖాళీ చేయమనే నోటీసు. ఆ రాత్రి ఆ మాట కొట్టేశాను. ఆ ముక్క వరకు దారిని అవతలి గట్టుకి మార్చి గీశాను. మా జట్టులో ఇద్దరికి నచ్చలేదు, వంతెన దాటి చుట్టూ తిరగాలని. ఒకాయన నాతో మాట్లాడటం మానేశారు. పోనీలెండి.

అసలు పని కుదిరింది నీటిపారుదల ఇంజనీరుగారి దగ్గర. ఇంత ఓపిగ్గా చెప్పే అధికారి దొరుకుతారనుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక, మా ఊళ్ళో గట్టు జోలికి పోతామంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఆయనా అంతే. గట్టులో పునాది తవ్వే పని ఏదీ ఒప్పుకోనన్నారు. సిమెంటు బెంచీలు వద్దు, వేళ్ళు లోతుగా పోయే చెట్లు వద్దు, శాశ్వత కంచె అసలే వద్దు. వేసవిలో కాలువ కట్టేశాక పూడిక తీయడానికి, గుర్రపుడెక్క లాగడానికి పొక్లెయిన్ గట్టు మీద నడవాలి, దానికి అడ్డం ఉండకూడదు.

"మరి పొక్లెయిన్‌కి దారి బాగానే ఉందాండీ?" అన్నాను.

ఆయన కాసేపు నా కాగితం వైపు చూసి, "లేదు" అన్నారు. "కొన్నిచోట్ల గట్టు చదును చేసి గ్రావెల్ పోయాలి, ఎటూ ప్రతిపాదన పంపాలి."

నాలుగు నెలలుగా వెతుకుతున్న మాట అది. యంత్రానికి ఎంత వెడల్పు కావాలో మాకు అంతకంటే తక్కువే చాలు. అది ఏడాదిలో ఏ నెల రోజులో నడుస్తుంది, మిగతా రోజులు మేము నడుస్తాం. కొత్త అర్జీలో వాకింగ్ ట్రాక్ అన్న మాటే లేదు. "తనిఖీ దారిని పాదచారులు వాడుకునేందుకు అనుమతి, చెత్త ఎత్తే బాధ్యత కార్పొరేషన్‌కి" అని రాశాను. కొలతల పట్టిక, పటం నకలు, 64 సంతకాలు జతచేశాను. ఇడ్లీలావిడ కూడా సంతకం పెట్టింది.

అదే కాగితం నకలు పట్టణాభివృద్ధి ప్రణాళికకి సలహాగా కూడా ఇచ్చాను, బాబాయిగారి పోరు పడలేక. 2014 చట్టంతో ఏర్పడిన సీఆర్‌డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, దాని పరిధి వేల చదరపు కిలోమీటర్లు. అంత ప్రాంతానికి గీసే మ్యాపులో కాలువే ఒక నీలం గీత, నా మూడు మీటర్ల గట్టు ఎక్కడ కనపడుతుంది అన్నాను. "కనపడదు గనకే గీయించాలి. బ్యారేజీ దగ్గర నుంచి ఏలూరు, రైవస్, బందరు, మూడు కాలువలు ఊరి మధ్య నుంచే పోతున్నాయి. ఒకదాని పక్కన చుక్కల గీత పడితే మిగతా రెండింటికీ అడిగేవాళ్ళు వస్తారు" అన్నారాయన. రసీదు అయితే వచ్చింది. గీత పడిందో లేదో తుది మ్యాపు వస్తే గానీ తెలియదు.

వేసవిలో నీళ్ళు ఆపేశాక పొక్లెయిన్ వచ్చింది. అవతలి గట్టు మీద ఆరువందల మీటర్ల దాకా చదును చేసి ఎర్ర గ్రావెల్ పోశారు. బోర్డు లేదు, ప్రారంభోత్సవం లేదు. రెండో రోజు నుంచే జనం నడుస్తున్నారు. నాతో మాట్లాడటం మానేసిన ఆయన అందరికంటే ముందు వస్తున్నారు.

మధ్యలో ఒక మురుగు తూము దగ్గర మాత్రం దారి తెగిపోయింది. అక్కడ రోడ్డు మీదకి దిగి, లారీల మధ్య నలభై అంగలు నడిచి మళ్ళీ ఎక్కాలి. ఆ తూము మీద నాలుగు పలకలు వేస్తే చాలు. వేయాల్సింది ఎవరని రెండు ఆఫీసుల్లో అడిగాను, రెండు చోట్లా అవతలి ఆఫీసు పేరు చెప్పారు. నిన్న పోస్టాఫీసుకెళ్ళి ఇంకో 10 రూపాయల పోస్టల్ ఆర్డరు తెచ్చుకున్నాను.