గేట్ పెట్రోలియం: హారిజాంటల్ బావుల ఇన్‌ఫ్లో కంట్రోల్ ఎలా చదవాలంటే

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గ్రూప్స్‌కీ డీఎస్సీకీ వీధికో కోచింగ్ సెంటర్ ఉంది గానీ పెట్రోలియం చెప్పేవాళ్లు నాకైతే దొరకలేదు. పైగా గేట్‌లో ఈ పేపర్ మొదలైందే 2017లో, అంటే మెకానికల్ వాళ్లకున్నన్ని పాత పేపర్లు మనకి లేవు, కాన్సెప్ట్ పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. నన్ను జూనియర్లు ఎక్కువగా అడిగేది ఇన్‌ఫ్లో కంట్రోల్ (బావి పొడవునా ఏ భాగంలోంచి ఎంత రావాలో అదుపు చేయడం) గురించే కాబట్టి ఆ ఒక్కటే రాస్తున్నా.

చాలామంది ఐసీడీ (ఇన్‌ఫ్లో కంట్రోల్ డివైస్), ఏఐసీడీ (తనంతట తనే సర్దుకునే ఐసీడీ), ఐసీవీ (ఇన్‌ఫ్లో కంట్రోల్ వాల్వ్) అంటూ పేర్లు బట్టీ పట్టడంతో మొదలెడతారు. వద్దు. ముందు కాగితం మీద బావి గీసి, హీల్ (బావి అడ్డంగా తిరిగే చోటు) నుంచి టో (దాని చిట్టచివర) దాకా ప్రెషర్ ఎలా మారుతుందో గ్రాఫ్ వెయ్యండి. ఆయిల్ టో నుంచి హీల్ వైపు పారుతుంది, పైపులో రాపిడి వల్ల హీల్ దగ్గర ప్రెషర్ తక్కువ, అందుకే డ్రాడౌన్ (రిజర్వాయర్‌కీ, అంటే ఆయిల్ ఉన్న రాతిపొరకీ, బావికీ మధ్య ప్రెషర్ తేడా) అక్కడే ఎక్కువ, ఆయిల్‌ని ఎక్కువగా లాగేదీ అక్కడే. వంశధార ఎడమ కాలువ కింద పొలం ఉన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, పైతూముల వాళ్లు తోడేసుకుంటే శివారు ఆయకట్టుకి నీళ్లందవు. కాకపోతే ఇక్కడ హీల్ అతిగా లాగితే కిందున్న నీళ్లో పైనున్న గ్యాసో ముందు అక్కడికే ఎగబాకి వచ్చేస్తాయి, టో వైపు ఆయిల్ భూమిలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క. హీల్ దగ్గర డ్రాడౌన్ 4 బార్, టో దగ్గర 2 బార్, ఒక్కో సెక్షన్ ప్రొడక్టివిటీ ఇండెక్స్ బార్‌కి రోజుకి 10 ఘనపు మీటర్లు అనుకోండి. హీల్ 40, టో 20 ఇస్తాయి. ఇప్పుడు నాజిల్ ఐసీడీ (సన్నటి రంధ్రంలోంచి పంపే రకం) పెట్టండి, దాని ప్రెషర్ డ్రాప్ ఫ్లో రేటు వర్గానికి 0.01 రెట్లు. డ్రాడౌన్‌ని 12, 10 బార్‌కి పెంచితే హీల్ 30 (q/10 + 0.01q² = 12 నుంచి), టో సుమారు 27. మొత్తం 60 కాస్తా 57 అయింది, కానీ రెండు చివరలూ దాదాపు సమానమయ్యాయి! రేటు రెట్టింపైతే డ్రాప్ నాలుగు రెట్లవుతుంది కాబట్టి ఎక్కువ లాగేవాడికే ఎక్కువ బ్రేక్ పడుతుంది, ఐసీడీ కథంతా ఇంతే. ఆ క్వాడ్రాటిక్‌ని ఫోన్‌లో కాకుండా గేట్ వర్చువల్ కాలిక్యులేటర్ మీదే చెయ్యండి, దానికి చెయ్యి అలవాటు పడకపోతే హాల్లో టెన్షన్ తప్పదు.

ఇది అర్థమయ్యాక మిగతావి వాటంతటవే వస్తాయి. ఐసీడీని ఒకసారి బావిలోకి దించాక సైజు మార్చలేం. నాజిల్ రకంలో డ్రాప్ ప్రధానంగా సాంద్రత మీద, వేగం మీద ఆధారపడుతుంది, హెలికల్ ఛానల్ రకంలో విస్కాసిటీ (చిక్కదనం) ప్రభావం కూడా బాగా ఉంటుంది, ఈ తేడా మీద ప్రశ్న తయారుచేయడం చాలా తేలిక. ఏఐసీడీ పల్చటి గ్యాస్, నీళ్లు వస్తే తనే బిగుసుకుంటుంది. ఐసీవీని పైనుంచే తెరవొచ్చు, మూయొచ్చు. నార్వేలోని ట్రోల్ ఫీల్డ్‌లో ఆయిల్ పొర పల్చన, పైన గ్యాస్, కింద నీళ్లు. ఐసీడీలు మొదట అక్కడే ఎందుకు అవసరమయ్యాయో మీ గ్రాఫే చెబుతుంది.

మల్టీలేటరల్‌లో (ఒకే బావి నుంచి కొమ్మలు చీలే రకం) రెండు కొమ్మల రిజర్వాయర్ ప్రెషర్లు వేరైతే, ముఖ్యంగా బావి మూసినప్పుడు, ఎక్కువ ప్రెషర్ కొమ్మలోంచి తక్కువ దాంట్లోకి క్రాస్‌ఫ్లో అవుతుంది, అందుకే కొమ్మకో ఐసీవీ. టీఏఎంఎల్ (కొమ్మ, అసలు బావి కలిసే జంక్షన్ల వర్గీకరణ) లెవెల్స్ 1 నుంచి 6 మాత్రం వేరే విషయం, అవి జంక్షన్ ఎంత గట్టిగా, లీకవకుండా ఉందో చెప్తాయి, ఫ్లో కంట్రోల్ గురించి కాదు. 5, 6 రెండిట్లోనూ జంక్షన్ దగ్గర ప్రెషర్ సీల్ ఉంటుంది, 5లో ఆ పని కంప్లీషన్ పరికరాలది (ఉత్పత్తి కోసం బావిలోకి దించేవి), 6లో కేసింగ్‌ది (బావి గోడకి వేసే ఉక్కు పైపు). ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తే చూసేది అదొక్కటే.