బకెట్లో తెడ్డుకాళ్లు: మేడ మీద కోపెపాడ్ల పెంపకం

జనవరి 18
పోయినసారి ఫైటర్ చేప పిల్లలకి ఉడికిన పచ్చసొన వేసి నీళ్లు కుళ్లబెట్టుకున్నా. నురగ గూట్లోంచి వచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు వాటి నోటికి ఆర్టీమియా (మేతగా వేసే చిన్న ఉప్పునీటి రొయ్య) పిల్ల కూడా పెద్దదే. అందుకని ఈసారి కోపెపాడ్లు, నీళ్లలో ఈదే నలుసంత జీవులు, రొయ్యలకి దూరపు చుట్టాలు. గ్రీకులో కోపే అంటే తెడ్డు, పాడ్ అంటే కాలు. తెడ్డుకాళ్లది అన్నమాట.

తెల్లారకముందే నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టుకి వెళ్లా. ఎండెక్కితే చేపల కంటబడకుండా ఇవి లోతుకి దిగిపోతాయి, చీకట్లో పైకొస్తాయి. సముద్రంలోనైతే ఈ రాకపోకలు వందల మీటర్లు. హేచరీలో పనిచేసే మా బావ ఇచ్చిన సన్న జల్లెడ గుడ్డ, బోల్టింగ్ క్లాత్‌ని ప్లాస్టిక్ పైపు ముక్కకి కట్టి, నాలుగు బకెట్ల నీళ్లు వడగట్టా. అడుగున ఉప్పురవ్వలంత చుక్కలు, ఎగిరెగిరి పడుతున్నాయి.

భూతద్దంలో మీసాలు చూస్తే జాతి తెలుస్తుంది. ఒంటి పొడవంత మీసాలుంటే కాలనాయిడ్. పొట్టి మీసాలు, తోకకి రెండు పక్కలా రెండు గుడ్ల సంచులుంటే సైక్లాప్స్. మరీ పొట్టి మీసాలతో అడుగున పాకేవి హార్పాక్టికాయిడ్లు. నాకు దొరికినవి దాదాపు అన్నీ సైక్లాప్సే. నుదుటి మీద ఒకే కన్ను.

20 లీటర్ల పెయింట్ బకెట్. రెండు రోజులు నిలవబెట్టిన కుళాయి నీళ్లు, ఎండలో పచ్చబడ్డ పాత ట్యాంకు నీళ్లు సగం సగం. గాలి ట్యూబుకి రాయి పెట్టలేదు. సన్న బుడగలు వీటి ఒంటికి అంటుకుని పైకి తేల్చేస్తాయి. సెకనుకి రెండు మూడు లావు బుడగలు చాలు. మూడు వారాలు ఈ నీళ్లు చేపల దగ్గరికి పోనివ్వను. బొచ్చె, రాగండి పెంచేవాళ్లని సతాయించే యాంకర్ వార్మ్ కూడా కోపెపాడే, దాని పిల్ల కూడా ఇలాగే నీళ్లలో ఈదుతుంది. చేప దొరక్కపోతే అదే చస్తుంది.

జనవరి 31
గుడ్డులోంచి వచ్చేది నాప్లియస్, మూడు జతల కాళ్ల చుక్క. ఆరు దశలు అలా, మరో ఆరు దశలు పెద్దదాని ఆకారంలో. దశ మారినప్పుడల్లా కుబుసం విడుస్తుంది. 10 మి.లీ. తీసి తెల్ల సాసర్లో లెక్కపెడితే పెద్దవి 9, పిల్లలు 30 దాకా. తిండి: చిటికెడు తవుడు రాత్రి నానేసి గుడ్డలో పిండిన నీళ్లు, రెండు టీస్పూన్లు. మర్నాటికి నీళ్లు ఇంకా మసగ్గా ఉంటే ఆ రోజు పస్తే.

ఫిబ్రవరి 17
ఘోరం. ఫైటర్ పిల్లలు ఈత మొదలుపెట్టిన రోజు ఒక గ్లాసు బకెట్ నీళ్లు అలాగే పోశా. రెండో రోజుకి సగం లేవు. భూతద్దం పెట్టి చూస్తే, ఒక పిల్ల తోకని సైక్లాప్స్ పట్టుకుని వేలాడుతోంది! మేతనుకున్నది వేటగాడు. వియత్నాంలో ఈ జాతి వాటినే నీళ్ల తొట్లలో వదిలి డెంగీ దోమల పిల్లపురుగుల్ని తినిపించారని చదివి కూడా నాకు బుద్ధి రాలేదు.

ఫిబ్రవరి 20
మందు దొరికింది, రెండు జల్లెళ్లు. పైన 150 మైక్రాన్ల (0.15 మి.మీ.) రంధ్రాల గుడ్డ, కింద 50. పెద్దవి పైన ఆగుతాయి, నాప్లియస్‌లు కిందిదాంట్లో. వాటినే వేస్తున్నా. ఇంకో చిట్కా: చీకటి గదిలో బకెట్‌కి ఒక పక్క టార్చి పెడితే పిల్లలన్నీ వెలుగుకి చేరతాయి, సన్న ట్యూబుతో లాగేయొచ్చు. మిగిలిన ఫైటర్ పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయి.

మార్చి 9
జేజి మేడెక్కి బకెట్లోకి తొంగి చూసింది. "ఇవేందిరా, పురుగులు పెంచతన్నావా?" సైక్లాప్స్ అని చెప్పి, నారికురుపు పురుగు పిల్ల వీటిలోనే ఉండేదన్నా. ఆవిడ పుట్టిల్లు కడప వైపు. దిగుడుబావి నీళ్లు తాగి తన మేనత్త కాలికి నారికురుపు వేస్తే, పురుగుని పుల్లకి చుట్టి రోజుకింత లాగిన సంగతి అరగంట చెప్పింది. నీళ్లు గుడ్డలో వడగట్టి తాగితే సైక్లాప్స్ గుడ్డలోనే ఆగుతుంది, జబ్బు రాదు. ఆ పని కూడా తోడై మన దేశంలో అది పోయింది. చివరి కేసు 1996లో, డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరణ 2000లో. "అయితే వీటిని మళ్లీ ఇంటికి తెచ్చినావే!" అంది. పురుగే లేనప్పుడు వీటివల్ల భయం లేదని ఒప్పించడానికి ఇంకో అరగంట.

మార్చి 22
బావతో మైపాడు. బకింగ్‌హామ్ కాలువ నీళ్లు తీసి రిఫ్రాక్టోమీటర్లో చూస్తే సెలినిటీ (ఉప్పదనం) 20, అంటే లీటరుకి సుమారు 20 గ్రాముల ఉప్పు. ఇందులోని కోపెపాడ్లని ఒక్కసారిగా మంచినీళ్లలో వేస్తే పోతాయి కాబట్టి వేరే బకెట్. వెనామీ రొయ్యల గుంటల్లో పిల్ల వదలకముందు తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి జ్యూస్ పోస్తారు కదా, అదెందుకని అడిగా. "ఇవి లేవాలనే బా. మొదటి వారాల్లో పిల్ల తినేది మన మేత కాదు, ఇవే" అన్నాడు. నాచులోని మంచి కొవ్వులు వీటి ఒంట్లో చేరి రొయ్యకి, చేపకి అందుతాయి. నాకు బకెట్ కంటే ఆ గుంట పెద్ద ప్రయోగంలా కనిపించింది. (ఉప్పునీటి బకెట్ వారానికే పోయింది. ఆవిరికి సెలినిటీ పెరగడం నేను చూసుకోలేదు.)

ఏప్రిల్ 19
ఒంగోల్లో పెళ్లికి రెండు రోజులు పోయి వచ్చేసరికి అంతా అయిపోయింది. తమ్ముడు "పాపం ఆకలేస్తుంది" అని తవుడు నీళ్లు గ్లాసెడు పోశాడు. మేడ మీద ఎండ. నీళ్లు పాలలా తెల్లగా, కుళ్లిన వాసన. వేడి నీళ్లలో ప్రాణవాయువు ముందే తక్కువ, ఉన్నది బ్యాక్టీరియా లాగేసింది. రెండో బకెట్ పెట్టుకోకపోవడం నా తప్పు. ఇకనుంచి మూడు, ఒకటి మెట్ల కింద నీడలో.

ఏప్రిల్ 24
కొత్త విత్తనానికి చెరువుకి పోలేదు. కోవూరు వైపు ఎండిన కుంటలో నెర్రెలిచ్చిన మట్టి, పైపొర మాత్రం, రెండు దోసిళ్లు తెచ్చా. కాలనాయిడ్లలో కొన్ని, నీళ్లు ఎండేముందు గట్టి పెంకు గుడ్లు పెట్టి మట్టిలో వదిలేస్తాయి. అవి నెలలూ ఏళ్లూ ఆగి, నీళ్లు తగిలితే పొదుగుతాయి. తొలకరికి కుంట నిండగానే అందులో ఏదో కదలడం ఇందుకే. టబ్బులో మట్టి, పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు, నీడ.

ఏప్రిల్ 29
చుక్కలు. నాలుగైదు. మట్టి కలగకుండా సిరంజితో తీసి చూశా, నాప్లియస్‌లే.

మే 12
ఒంటి పొడవు మీసాలు, తోక కింద ఒకే సంచి. ఇవి పచ్చబడ్డ నీళ్లలోని నాచు వడగట్టుకు తినే రకం, చేప పిల్ల జోలికి పోవు. 10 మి.లీ.కి 6. ఫైటర్ జతని మళ్లీ కలిపా. జేజి కిందినుంచి అరుస్తోంది, కాఫీకి రమ్మని.