మామిడికి యూరియా మించితే

జగిత్యాల, వరంగల్ దిక్కు మామిడిల బూడిద తెగులు కనబడంగనే అందరం మందు డబ్బాకే ఉరుకుతం. ముందుగాల చెట్టుకు ఏం పెట్టినమో చూడాలె. యూరియా మించితే లేత ఇగురు గుంపుగ వస్తది. ఆ ఆకుల కణాల గోడలు పల్చన, రసంల నత్రజని ఎక్కువ. బూడిద తెగులు తెచ్చే శిలీంధ్రానికి (బూజుకు) ఇంకేం కావాలె! పొటాష్ తక్కువైతే మరీ అలుసు, ముదురాకుల అంచులు మాడుతయి.

పదేండ్లు దాటిన చెట్టుకు ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ కిలో చొప్పున. అంటే యూరియా 2.2 కిలోలు, భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 6.25, పొటాష్‌కు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1.7 కిలోలు. కాయ కోసినంక, తొలకరి పదునుకు, మొదలుకాడ కాకుండ కొమ్మల అంచు కింద పాదు తీసి వేయాలె. పూత ముందు యూరియా జోలికే పోవద్దు.

తెగులు వచ్చినంక ఎరువుతోని ఆగదు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ ముదరకముందే కొట్టాలె. మిట్టమధ్యాహ్నం కొడితే పూతే మాడుతది.