మిక్స్చర్ నట్టు తిప్పే ముందు జెట్టు పైకి ఎక్కుతోందో లేదో చూడండి

రెండు నెలలుగా పొద్దున్నే మా అంబాసిడర్ స్టార్ట్ చేస్తే అరుగు మీద కాఫీ తాగుతున్న అమ్మ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయేది. అంత పెట్రోల్ వాసన. సైలెన్సర్ ఎదురుగా ఉన్న గోడ మీద అరచేతి వెడల్పున నల్ల మచ్చ పడింది. 1984 మోడల్, మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, తాతయ్య కొన్న బండి. ఎప్పుడూ లీటరుకు తొమ్మిది, పది ఇచ్చేది, పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లొస్తే ఆరు కూడా రావడం లేదు.

పొగ నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ తాగుతోందని అర్థం, నీలంగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని. మొదట ఈ తేడా చూసుకోవాలి, లేకపోతే కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) బాగు చేస్తే పోయేదానికి ఇంజిన్ విప్పి సిలిండర్లకు బోరు పని చేయించేస్తారు. ప్లగ్గులు విప్పితే నాలుగూ మసి పట్టి ఉన్నాయి, వేలితో రుద్దితే కాటుకలా పొడిపొడిగా అంటుకుంది, జిడ్డు లేదు. కాబట్టి రిచ్ మిక్స్చరే, అంటే గాలితో కలిసే పెట్రోల్ ఎక్కువైంది. ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పల్చబడి, లెవెల్ పెరిగి, పెట్రోల్ వాసన కొట్టింది. నాకు అసలు భయం వేసింది అప్పుడే. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగిపోతుంది, ఆ పల్చటి ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, ఈ బండికి ఇప్పుడు అవి దొరకడమే కష్టం.

అందరూ ఈ కొత్త ఇథనాల్ పెట్రోల్ వల్లే అన్నారు. అది తప్పు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిక్స్చర్ లీన్ అవుతుంది (పెట్రోల్ పాలు తగ్గుతుంది) గానీ రిచ్ అవదు. రబ్బరు వాషర్లు, పైపులు దెబ్బతినే మాట నిజమే, అది వేరే సంగతి. స్పార్క్ పుట్టించే డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 15) పెట్టుకున్నాను, ఎందుకంటే స్పార్క్ బలహీనంగా ఉన్నా ప్లగ్గుకు ఇలాగే మసి పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ విప్పితే దాళ్వా కోతలప్పటి దుమ్మంతా అడుగున ఆయిల్‌లో బురదలా పేరుకుంది. కడిగి కొత్త ఆయిల్ పోస్తే కొంచెం తేలికపడింది, పొగ మాత్రం ఆగలేదు.

ఇక కార్బురేటర్. మాది ఎస్‌యూ రకం. మధ్యలో పిస్టన్, దానికి వేలాడే సన్నటి సూది, ఆ సూది దిగే ఇత్తడి జెట్టు, అంతే. సూదికీ జెట్టుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత పెట్రోల్ వస్తుంది. అడుగున ఉన్న ఆరు పలకల నట్టు పైకి తిప్పితే జెట్టు పైకి ఎక్కి లీన్, కిందికి తిప్పితే రిచ్. చోక్ లాగితే ఇదే జెట్టు కిందికి దిగుతుంది, దీనికి విడిగా చోక్ రేకు ఉండదు.

దగ్గర్లోని వర్క్‌షాప్‌లో రెండుసార్లు ఈ నట్టునే తిప్పారు. రెండోసారికి అది పూర్తిగా పైకి వెళ్లి ఆగిపోయింది, ఇంకా నల్ల పొగే. నట్టు చివరిదాకా ఎక్కాక కూడా రిచ్‌గా ఉందంటే తప్పు నట్టులో లేదనే కదా! ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు.

భీమవరంలో అంబాసిడర్లు మాత్రమే చూసే పెద్దాయన ఒకరున్నారు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తి, ఇంజిన్ వేడిగా ఉండగానే చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నొక్కించి, స్లోలో నడుస్తుంటే జెట్టు అడుగున వేలు పెట్టి పైకి నెట్టారు. గుడగుడమంటున్న ఇంజిన్ ఒక్కసారిగా తేటపడింది. వేలు తీసేస్తే మళ్లీ గుడగుడ.

"చూశారా బాబూ, చోక్ లోపలికి పోయింది గానీ జెట్టు ఎక్కలేదండి. నట్టు ఎంత తిప్పితే ఏం లాభం, దానికి ఇది తగిలితేగా!"

టార్చ్ వేసి చూపించారు. జెట్టు తలకూ నట్టుకూ మధ్య బియ్యపు గింజ మందాన సందు. అంటే నేను రోజూ సగం చోక్‌తో తిరుగుతున్నట్టు లెక్క. కార్బురేటర్‌కు పెట్రోల్ నిలవ ఉండే ఫ్లోట్ గిన్నె నుంచి జెట్టుకు వచ్చే నైలాన్ పైపు పాతబడి కర్రలా బిగుసుకుపోయి, జెట్టును పక్కకీ కిందికీ లాగి పట్టుకుంది. దానికి తోడు చోక్ కేబుల్ లోపల తుప్పు. మా వైపు చెమ్మకు నెల రోజులు షెడ్డులో ఉంచితే చాలు, ఏ తీగైనా పట్టేస్తుంది.

జెట్టు ఊడదీసి, అది కూర్చునే చోటు మెత్తటి గుడ్డతో తుడిచి (ఎమెరీ పేపర్ పెట్టకూడదు, అరిగిపోతుంది), కొత్త పైపుతో ఉన్న కొత్త జెట్టు వేశారు. కేబుల్ మార్చి, నాబ్ దగ్గర కాస్త లూజు వదిలారు. ఫ్లోట్ మూత విప్పి తలకిందులుగా పట్టుకుని పెట్రోల్ వచ్చే గొట్టంలోకి నోటితో ఊదమన్నారు. గాలి ఆగాలి, కానీ సన్నగా పోతోంది. గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ మొనకు గోటికి తగిలేంత గాడి పడింది, అదీ మార్చాం.

తర్వాత నట్టు మళ్లీ మొదటినుంచి, ఒక్కో పలక చొప్పున. కార్బురేటర్ పక్కన చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని నెట్టి పిస్టన్‌ను వెంట్రుకవాసి పైకి లేపాలి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, ఆగిపోబోతే లీన్, కొద్దిగా పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. మీటర్లు లేకుండా చెవితో చేసే ఈ పరీక్ష అంటే నాకు చాలా ఇష్టం.

ఆయిల్ మార్పించి, వీరవాసరం మీదుగా ఇంటికొచ్చి, మర్నాడు చించినాడ వంతెన దాకా వెళ్లాను. మన డెల్టాలో బండికి ఎత్తు ఎక్కే పరీక్ష పెట్టాలంటే వంతెనలే దిక్కు. మూడో గేర్‌లో సాఫీగా ఎక్కింది, అద్దంలో పొగ లేదు. వారం తర్వాత ప్లగ్గులు విప్పితే బిస్కెట్ రంగు. మైలేజీ తొమ్మిదికి వచ్చింది.

థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్‌లో తిరిగే ఇరుసు) మాత్రం చేత్తో కదిపితే ఊగుతోంది, అక్కడినుంచి గాలి పీలుస్తోంది. దానికి బుష్ వేయించాలి, వచ్చే ఆదివారం లేత్ షాపుకు వెళ్తున్నాను.