ఏప్రిల్ నీళ్లలో ట్రౌట్ వేట: బీవర్‌కిల్ దాకా ఒక వారాంతం

ఏప్రిల్ ఒకటిన రాస్కో వెళ్లేవాళ్లలో చాలామంది చేపల కోసం వెళ్లరు, వేడుక కోసం వెళ్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల మధ్య ఉన్న చిన్న ఊరది. విల్లోవీమాక్ వాగు వచ్చి బీవర్‌కిల్ నదిలో కలిసేది అక్కడే. ఆ సంగమాన్ని జంక్షన్ పూల్ అంటారు. చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ అనే చేపను పట్టే సీజన్ మొదలయ్యే రోజున జనం పొద్దున్నే అక్కడ చేరి, చలికి వణుకుతూ తొలి గాలం వేస్తారు. ఏ నదిలోకి వెళ్లాలో తేల్చుకోలేక రెండు తలలు మొలిచిన ట్రౌట్ ఒకటి ఆ మడుగులోనే ఉండిపోయిందని అక్కడివాళ్లు కథ చెబుతారు. కథ బాగానే ఉంది గానీ, ఏప్రిల్ ఒకటిన ఆ రెండు తలల్లో ఒక్కటి కూడా నోరు తెరవదు. నీళ్లు అంత చల్లగా ఉంటాయి.

అందుకే మేము ఏప్రిల్ చివరి వారం దాకా ఆగాం. మేమంటే నేనూ, మా మేనబావా. బావది కైకలూరు వైపు. బొచ్చెలు, రాగండీలు పెరిగే చెరువుల గట్ల మీద పెరిగినవాడు. చేపను పట్టి మళ్లీ నీళ్లలోకే వదిలేసే మనుషులను మాత్రం న్యూజెర్సీ వచ్చాకే చూశాడు.

బయల్దేరడానికి వారం ముందు నుంచే రోజూ ఫోన్‌లో కుక్స్ ఫాల్స్ లెక్క చూస్తూ ఉన్నాను. రాస్కోకి కాస్త దిగువన, ఆ కుక్స్ ఫాల్స్ దగ్గర బీవర్‌కిల్ మీద అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల గేజ్ ఉంది. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతోందో అది చెబుతుంది. మన పేపర్లలో క్యూసెక్కులు అని రాసేది దాన్నే. కొండల మీద మంచు కరుగుతుండగా వాన కూడా పడిందంటే, ఒక్క రాత్రిలో ఆ అంకె రెండింతలో మూడింతలో అవుతుంది. ఈ నది మీద ఎక్కడా పెద్ద డ్యామ్ లేదు కాబట్టి పడిన వాన పడినట్టే వచ్చేస్తుంది. ఒకరోజు లెక్క వెయ్యి దాటిందని నేను దిగులుపడుతుంటే బావ నవ్వాడు.

"వెయ్యి క్యూసెక్కులకే ఇంత టెన్షనా? ప్రకాశం బ్యారేజీ గేట్ల సందుల్లోంచి కారేదే అంత ఉంటుందిరా!"

నదిలో దిగాక ఆ మాట మళ్లీ అనలేదు. అడుగున గుండ్రటి రాళ్లు, వాటి మీద నాచు, మోకాలు దాటిన చల్లటి నీళ్లు. వెడల్పు తక్కువ, వాలు ఎక్కువ అయినచోట వెయ్యి క్యూసెక్కులంటే మనిషిని నిలబడనివ్వదు. మేము వెళ్లేటప్పటికి లెక్క బాగా తగ్గింది కాబట్టి సరిపోయింది. అయినా ఇద్దరం ఊతకర్ర లేకుండా అడుగు వేయలేదు.

రూట్ 17 మీదుగా వెళ్తే మా ఊరి నుంచి దారి పెద్ద దూరం కాదు. పదహారేళ్లు నిండిన ఎవరికైనా ఫిషింగ్ లైసెన్సు తప్పనిసరి, అది ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. న్యూజెర్సీలో ట్రౌట్ కోసం లైసెన్సుకు తోడు విడిగా స్టాంపు కొనాలి, న్యూయార్క్‌లో ఆ బాధ లేదు. రూల్స్ మాత్రం చదువుకుని వెళ్లాలి. 2022లో అక్కడ వాగులకు సంబంధించిన నియమాలు బాగా మారాయి. ఇప్పుడు చలికాలంలో కూడా పట్టి వదిలేసే పద్ధతిలో, అదీ వానపాము లాంటి ఎర కాకుండా కృత్రిమ ఎరలతో, ట్రౌట్ పట్టుకోవచ్చు. చేపను ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 15 దాకానే. వాగులను కూడా వర్గాలుగా విడదీశారు: పెంచిన చేపలను ప్రభుత్వం తెచ్చి వదిలేవి కొన్ని, సహజంగా పుట్టిన చేపలకే విడిచిపెట్టినవి కొన్ని. చేపలు వదిలే వాగుల్లో రోజుకు అయిదు దాకా తెచ్చుకోవచ్చు. వాటిలో పన్నెండు అంగుళాలు దాటినవి రెండుకు మించకూడదు.

శుక్రవారం పొద్దున్న విల్లోవీమాక్ మీద ఒక వంతెన దగ్గర ఆగాం. ఆ వారం ఏ కౌంటీలో ఏ వాగులో చేపలు వదులుతారో రాష్ట్ర పర్యావరణ శాఖ జాబితా పెడుతుంది. అది చూసి వచ్చినవాళ్లు మాకంటే ముందే నలుగురైదుగురు ఉన్నారు, కుర్చీలు కూడా వేసుకుని. కాసేపటికి ట్యాంకుల ట్రక్కు వచ్చింది. ట్యాంకుల్లోకి ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. సిబ్బంది జల్లెడ వలతో చేపలను బకెట్లలోకి తోడుతున్నారు, ఒడ్డున ఉన్నవాళ్లు అందుకుని నీళ్ల దాకా మోస్తున్నారు. బావ ఎవరూ పిలవకుండానే వెళ్లి వరుసలో నిలబడ్డాడు. బకెట్‌లోకి తొంగిచూసి ఆశ్చర్యపోయాడు.

"పిల్లలు కావురా ఇవి, పెరిగిన చేపలు! కూర వండుకునే సైజు తెచ్చి ఏట్లో పోస్తున్నారేంటి?"

మనవైపు చెరువుల్లో చేపపిల్లలు వదలడమంటే వేలెడంత పిల్లలను వదిలి, అవి చెరువు మేత తిని పెరిగాక మత్స్యకారులు పట్టి అమ్ముకోవడం. బతుకుతెరువు లెక్క అది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా పిల్లలను ఇస్తున్నదీ అందుకే. ఇక్కడ వదిలేవాటిలో ఎక్కువ భాగం తొమ్మిది అంగుళాల దాకా పెరిగినవి, కొన్ని అంతకంటే పెద్దవి. గాలం వేసేవాడికి ఈ వారమే చేప తగలాలి, అందుకోసం. ఖర్చులో ఎక్కువ భాగం లైసెన్సు డబ్బుల నుంచే వస్తుంది కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైగా ఈ కొండల్లో చాలా వాగులు జులై వచ్చేసరికి ట్రౌట్ బతకలేనంత వేడెక్కుతాయి. అలాంటిచోట పిల్లలను వదిలి పెరిగేదాకా ఆగే వీలే లేదు.

ట్రక్కు కదిలిందో లేదో కుర్చీలవాళ్లు గాలాలు వేశారు. చేపలు వంతెన కింద ఒక్కచోటే గుంపుగా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ పైనుంచి పడే గుళికల మేత తిన్న చేపలు, ఏది పడినా మేతే అనుకుంటాయి. తొందరలోనే ఒకాయన సంచి నిండింది. నాకు అది వేటలా అనిపించలేదు. అయితే మొదటిసారి గాలం పట్టిన ఒక చిన్న పిల్లకు చేప తగిలినప్పుడు అది కేకలు పెట్టి గెంతడం చూశాక, మరీ తీసిపారేయాల్సిన పద్ధతి కాదనిపించింది. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం వంతెన దగ్గర ఆగరు. నది జోరుగా ఉన్నప్పుడు వదిలిన చేపలు కిందికి జారిపోతాయని వాళ్లకు తెలుసు. వాటిని వెతుక్కుంటూ దిగువ మడుగుల వైపు నడుస్తారు.

అక్కడి నుంచి డిబ్రూస్ వెళ్లాం. లివింగ్‌స్టన్ మేనర్ పక్కనున్న ఈ ఊళ్లోనే రాష్ట్రం నడిపే క్యాట్‌స్కిల్ హ్యాచరీ, అంటే చేప గుడ్లు పొదిగించి పెంచే కేంద్రం ఉంది. ఇక్కడ ముఖ్యంగా బ్రౌన్ ట్రౌట్ పెంచుతారు, తల్లి చేపలను కూడా ఇక్కడే ఉంచుతారు. శరదృతువులో గుడ్లు తీస్తే, ఆ చేప ట్రక్కు ఎక్కేసరికి దాదాపు ఏడాదిన్నర. బావ తొట్ల చుట్టూ ఎంత తిరిగాడంటే, చివరికి నేనే బయటికి లాక్కొచ్చాను. నీటి మార్పిడి ఎలా, మేత ఎంత, జబ్బు వస్తే ఏం చేస్తారు, అన్నీ అతని పాత ప్రశ్నలే. జబ్బు గురించి నేనూ ఒకటి చెప్పాను. న్యూజెర్సీలోని పీక్వెస్ట్ హ్యాచరీలో ఫురంక్యులోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వచ్చి, దాన్ని బాగా తట్టుకునేది రెయిన్‌బో ట్రౌటే కాబట్టి 2014 తర్వాత అక్కడ దాన్నొక్కదాన్నే పెంచడం మొదలుపెట్టారు. "వైరస్ వచ్చాక మనోళ్లు టైగర్ రొయ్య మానేసి వనామీకి మారినట్టే" అని బావ చప్పున పట్టేశాడు.

అసలు బ్రౌన్ ట్రౌట్ ఈ దేశపు చేపే కాదు. క్యాట్‌స్కిల్ వాగుల్లో మొదటి నుంచీ ఉన్నది బ్రూక్ ట్రౌట్. పంతొమ్మిదో శతాబ్దంలో తోళ్లు ఊనడానికి బెరడు కావాలని కొండల మీది హెమ్లాక్ చెట్లను కొట్టేశారు. నీడ పోయి నీళ్లు వేడెక్కాయి, బ్రూక్ ట్రౌట్ పై వాగుల్లోకి తగ్గిపోయింది. 1883లో జర్మనీ నుంచి ఫాన్ బేర్ అనే ప్రభువు ఓడలో పంపిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు న్యూయార్క్ చేరాయి. లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ హ్యాచరీలో ఫ్రెడ్ మాథర్ వాటిని పొదిగించాడు. కాస్త వేడినీళ్లను కూడా ఓర్చుకునే ఆ చేప ఇక్కడ నిలదొక్కుకుంది. చెట్లు కొట్టి పాడుచేసిన నదికి పరాయి దేశపు చేప తగినట్టు కుదిరిందన్నమాట. ఇది మంచో చెడో ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. నాకైతే ఆ చెట్లే ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

లివింగ్‌స్టన్ మేనర్ దగ్గరే విల్లోవీమాక్ ఒడ్డున ఫ్లై ఫిషింగ్ మ్యూజియం ఉంది. ఎర కాకుండా, ఈకలతో పురుగులా కట్టిన ఫ్లైతో చేపను పట్టడం ఇక్కడివాళ్ల విద్య. థియోడోర్ గోర్డన్ అనే ఆయన 1890లో ఇంగ్లండ్ నుంచి హాల్‌ఫోర్డ్ అనే ఫ్లై నిపుణుడు పంపిన డ్రై ఫ్లైలు, అంటే నీటి మీద తేలేవి, చూసి, వాటిని ఈ జోరు నీళ్లకు తగ్గట్టు మార్చాడు. ఆయన పేరు మీదున్న క్విల్ గోర్డన్ అనే ఫ్లైకి ఒళ్లంతా నెమలి ఈక కాడే. మెడ చుట్టూ తిప్పేది కోడిపుంజు మెడ ఈక. హ్యారీ డార్బీ అనే ఫ్లై కట్టే నిపుణుడు సరైన బూడిద రంగు ఈకల కోసం పుంజులను తరాల తరబడి జత కట్టించి పెంచాడని చదివి, బావ అక్కడే ఆగిపోయాడు. డేగ, కాకి, నెమలి అంటూ పుంజుల రంగులు చూసి పందేలు కాసే ఊళ్ల నుంచి వచ్చినవాడు కదా! పందేనికి కాకుండా ఈక కోసం పుంజును మేపినవాడు ఉన్నాడంటే నమ్మలేకపోయాడు.

శనివారం బీవర్‌కిల్. రాస్కోకి దిగువన నో-కిల్ అని పెట్టిన భాగాలున్నాయి. అక్కడ కృత్రిమ ఎరలే వాడాలి, పట్టిన ప్రతి చేపనూ వదలాలి. పొద్దున థర్మామీటరు నీళ్లలో ముంచితే 46 ఫారెన్‌హీట్ (దాదాపు 8 సెల్సియస్) చూపించింది. ట్రౌట్ చల్లని రక్తం జీవి. నీళ్లు నలభైల్లో ఉంటే దాని అరుగుదల మందగిస్తుంది, అడుగునే కదలకుండా ఉంటుంది. యాభై దాటితే చేపా కదులుతుంది, రాళ్ల కింద ఉన్న పురుగులూ కదులుతాయి. అదే అరవై ఎనిమిది దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పుడు పట్టి వదిలినా చేప చచ్చిపోవచ్చు. ఏప్రిల్‌లో తెల్లవారుజామున లేవడం దండగ అనేది ఇందుకే. మేము తాపీగా టిఫిన్ తిని, ఎండ నీళ్ల మీద పడేదాకా ఒడ్డునే కూర్చున్నాం.

రెండు దాటాక నీళ్లు 51 అయ్యాయి. అప్పుడు మొదలైంది హెండ్రిక్సన్ అనే మేఫ్లై పురుగుల రాక. తొలకరి వానకు పుట్టలోంచి ఉసిళ్లు లేచినట్టు, నది మీంచి మేఫ్లైలు లేచాయి. రెక్కలు ఆరేదాకా అవి నీటి మీద తెరచాపల్లా తేలుతూ పోతాయి. అప్పటిదాకా చేపే లేదనుకున్న మడుగులో చోటుచోటా నీళ్లు కదిలాయి. 1916లో రాయ్ స్టీన్‌రాడ్ ఈ నది ఒడ్డున ఆ పురుగును చూసి కట్టి, హెండ్రిక్సన్ అని స్నేహితుడి పేరు పెట్టిన ఫ్లైనే నా దారానికీ ఉంది. ఫ్లై ప్రవాహంతో పాటు సహజంగా పోవాలి. దారం కాస్త లాగినా ట్రౌట్ పక్కకు తప్పుకుంటుంది. నిన్న వంతెన కింద ఏది వేసినా మింగిన చేపలకూ, ఈ చేపలకూ పోలికే లేదు. ఇవి నదిలో పుట్టినవో, ఏడాదో రెండేళ్లో ముందు వదలగా బతికి బట్టకట్టినవో పైకి చూసి చెప్పడం కష్టం. ఏదైనా నది నేర్పిన చదువు వీటికి వచ్చేసింది. ఒకటి నాకు తగిలింది, పక్కల మీద ఎర్రచుక్కలు, రెక్కలు ఎక్కడా అరిగిపోకుండా నిండుగా ఉన్నాయి. కాంక్రీటు తొట్టిలో పెరిగినవాటి రెక్కలు తరచూ అరిగి ఉంటాయి. చేతులు తడిపి పట్టుకుని, నీళ్లలోనే గాలం తీసి వదిలేశాను. బావ దాన్ని కన్నార్పకుండా చూసి, "అర కిలో పైనే ఉంటుంది" అని మాత్రం అన్నాడు.

పై బీవర్‌కిల్‌లో ఎక్కువ భాగం ప్రైవేటు క్లబ్బులది, అక్కడ మనకు ప్రవేశం లేదు. దిగువన మాత్రం రాష్ట్రం ప్రైవేటు భూముల అంచున చేపలు పట్టే హక్కును కొని ఉంచింది. ఇది 1935 నుంచి ఉన్న పద్ధతి. చాలాచోట్ల ఒడ్డు వెంబడి ముప్పై మూడు అడుగుల పట్టీ, చెట్లకు పసుపు బోర్డులు. ఆ పట్టీలో నడవొచ్చు, గాలం వేయొచ్చు. వనభోజనాలు, క్యాంపింగ్ మాత్రం కుదరవు.

ఆదివారం తిరుగు దారిలో విల్లోవీమాక్ దగ్గర మళ్లీ ఆగాం, ఎందుకంటే బావకు కూర కావాలి. వదిలిన చేపలే కాబట్టి నాకూ అభ్యంతరం లేదు. అతను వానపాముతో రెండు పట్టాడు. పులుసుకు పనికిరాదు ఇది, ముక్క మెత్తగా విడిపోతుంది. ఉప్పూ కారం పట్టించి పెనం మీద వేయిస్తేనే బాగుంటుంది. ఆ రాత్రి తిన్నాక బావ అడిగింది వేసవి సంగతి. జూన్ దాటితే బీవర్‌కిల్ వేడెక్కుతుంది. అప్పుడు డిపాజిట్ అనే ఊరి వైపు, వెస్ట్ బ్రాంచ్ డెలావేర్ నదికి పోవాలి. న్యూయార్క్ నగరం తాగునీటి కోసం 1960ల్లో కట్టిన కానన్స్‌విల్ డ్యామ్ అడుగు నుంచి వదిలే నీళ్లు అక్కడ జులైలోనూ చల్లగా ఉంటాయి. గేజ్ లెక్క చూడటం ఎలాగో నేర్పమని బావ అప్పుడే ఫోన్ నా చేతికిచ్చాడు.