చెవి ముక్క

నేను దుబాయ్ వచ్చింది ఒంటెలకు మేత వేయడానికి. హన్మకొండలో ఏజెంటు చెప్పిన పని అదే, వీసా మీద ఉన్నదీ అదే. అంతకు ముందు పరకాల దగ్గర ఏడేళ్లు గోపాలమిత్రగా తిరిగాను, బండి వెనక గడ్డకట్టించిన వీర్యం స్ట్రాలుండే నైట్రోజన్ క్యాన్ కట్టుకుని, ఎదకొచ్చిన బర్రెలకు సూదులు వేసుకుంటూ. ఒకరోజు ఇక్కడి ల్యాబ్‌లో క్యాన్ మోయమంటే మోశాను. గొట్టాన్ని క్యాన్ మెడ దాటి పైకి లేపకుండా లోపలే పట్టుకుని స్ట్రా తీయడం డాక్టర్ చూసింది. మరుసటి రోజు నుంచి మేత పని పోయి ల్యాబ్ పని వచ్చింది.

ఇక్కడ ఒంటెలను క్లోనింగ్ చేస్తారు. పందెంలో గెలిచిన ఒంటె, అందాల పోటీలో ప్రైజు కొట్టిన ఒంటె, ఏదైనా సరే సేటుకు అలాంటిదే ఇంకోటి కావాలి. ఊళ్లో చెబితే నవ్వుతారు గానీ ప్రపంచంలో మొదటి క్లోన్ ఒంటె ఇంజాజ్ 2009 ఏప్రిల్‌లో పుట్టింది ఈ దుబాయ్‌లోనే. మాంసానికి కోసిన ఒక ఆడ ఒంటె అండాశయంలోంచి తీసిన కణాలతో చేశారు దాన్ని. మరుసటి ఏడాది బిన్ సౌగాన్ అనే మగది పుట్టింది, దానికి వాడింది చెవి చర్మం.

ఆ తేడా నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అందరూ అండంలోంచి కేంద్రకాన్ని పీల్చేసి, దాని చోట క్లోన్ చేయాల్సిన జంతువు కణాన్ని పెట్టే సన్న సూదినీ, మైక్రోస్కోపునూ చూసి నోరు తెరుస్తారు. మా డాక్టర్ మాత్రం కొత్త కేసు రాగానే అడిగేది ఒకటే: కణాలు ఏవి, ఎప్పుడు తీశారు, ఎలా తెచ్చారు? అండం చుట్టూ అంటుకుని ఉండే క్యుములస్ కణాలు బాగా పనిచేస్తాయి, కానీ అవి ఆడదానికే ఉంటాయి, తీయడమూ కష్టం. చెవి చర్మమైతే ఆడా మగా తేడా లేదు, చిటికెలో పని, జంతువుకు పెద్ద నొప్పీ ఉండదు. అందుకే ఎక్కువగా చెవే. హర్యానాలోని కర్నాల్‌లో 2023లో పుట్టిన గిర్ జాతి క్లోన్ ఆవుదూడ గంగోత్రికి తోక దగ్గరి కణాలు తీసుకున్నారట.

చెవి ముక్కను గోరుమీద చుక్కంత ముక్కలుగా తరిగి గిన్నె అడుగున అంటిస్తాం. వారం పది రోజులకు అంచుల నుంచి సన్నగా, పొడుగ్గా కణాలు బయటికి పాకుతాయి. గిన్నె నిండితే నాటేసిన మడిలా ఒకే వరసలో కనిపిస్తాయి. అప్పుడు విడదీసి వేరే గిన్నెల్లో పోయాలి, దాన్నే పాసేజ్ అంటారు. పాసేజ్‌లు ఎక్కువైతే కణాలు ముసలివైపోతాయి, వెడల్పుగా చచ్చుబడి పడుంటాయి. వాడే ముందు కణాలకు మేతలా పోసే సీరమ్ తగ్గించి పస్తు పెట్టాలి. విభజన ఆగి, కణం ఊరుకుంటేనే అండం దాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపించగలదు. నేను ఒకసారి చెవి మీద వెంట్రుకలు సరిగ్గా గొరగకుండా ముక్క తెచ్చాను. మూడో రోజుకు గిన్నె నిండా బూజు. ఆ ఒంటె అప్పటికే చచ్చిపోయింది, మళ్లీ తీయడానికి లేదు. డాక్టర్ తిట్టలేదు, అదే ఎక్కువ బాధ.

కణాలు బాగున్నా సరే, పెట్టిన పిండాల్లో చాలావరకు పోతాయి. డాలీ గొర్రెకు 277 ప్రయత్నాలు, బతికింది ఒక్కటి. కర్నాల్‌లో 2009లో పుట్టిన మొదటి క్లోన్ బర్రె దూడ వారం కూడా ఉండలేదు. ఒంటెకైతే చూలు పదమూడు నెలలు, ఏ నెలలో జారిపోతుందో తెలియక టెన్షనే.

పోయిన చలికాలం అవ్వ ఫోన్ చేసింది. మా పెద్ద బర్రె చచ్చిపోయింది, పూటకు ఆరు లీటర్లు ఇచ్చిన బర్రె, నన్ను డిప్లొమా చదివించిన బర్రె. "బిడ్డా, మీరు ఒంటెలను పుట్టిస్తరట గదా, మన బర్రెను పుట్టియ్యరాదు? చెవి కోసి పెట్టిన." ట్యాగ్ ఉన్న చెవి ఇన్సూరెన్స్‌కు పోయిందట, ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ రాదు కదా. రెండో చెవి మాత్రం నా కోసం దాచింది.

నాకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. బర్రె ముసలిదే, అయినా టెక్సాస్‌లో 21 ఏళ్ల ఎద్దు చర్మంతో 1999లో దూడను పుట్టించారు. చచ్చిన తర్వాత కూడా చల్లగా ఉంచితే చర్మ కణాలు కొన్ని రోజులు బతుకుతాయి. నా దగ్గర ల్యాబూ లేదు, డబ్బూ లేదు, అది వేరే సంగతి. "ఎక్కడ పెట్టినవ్ అవ్వా?" అన్నాను. వాట్సాప్‌లో ఫొటో వచ్చింది: స్టీలు టిఫిన్ డబ్బా, ఫ్రిజ్ పైన గడ్డకట్టే అరలో, ఐస్ ట్రే పక్కన, తెల్లగా మంచు పట్టి.

కింద కూరగాయల అరలో పెట్టినా బాగుండేది. కణాలను కాపాడే మందు కలపకుండా, నిమిషానికో డిగ్రీ చొప్పున మెల్లగా దించకుండా గడ్డకట్టిస్తే లోపలి నీళ్లు మంచుముక్కలై కణాన్ని చీల్చేస్తాయి. ఏడేళ్లు నైట్రోజన్ క్యాన్ మోసిన వాడి తల్లికి ఆ ముక్క చెప్పి ఉండలేదు నేను.

"మంచిగ పెట్టినవ్" అన్నాను. డబ్బా ఇప్పటికీ అక్కడే ఉంది. మొన్న చెల్లె ఫోన్ చేసి, ఎండాకాలం వస్తుంది, ఐస్ పెట్టుకోవడానికి చోటు లేదు, అది ఎప్పుడు పంపాలి అన్నా అని అడిగింది.